చిన్న లేత్ మీద అంబాసిడర్ పుల్లీ: ఇంటి షెడ్డుకి మినీ లేత్ పనికొస్తుందా?

ముందే చెప్పేస్తాను. ఆల్టర్నేటర్ పుల్లీ ఒక్కటి బాగు చేసుకోవడం కోసం ఎవరూ లేత్ (లోహపు ముక్కని తిప్పుతూ కోసే యంత్రం) కొనక్కర్లేదు. ఆటోనగర్‌లో ఏ టర్నర్‌కి ఇచ్చినా సాయంత్రానికి గీసి చేతిలో పెడతాడు. మీ మోడల్‌ది దొరికితే కొత్త పుల్లీయే వేసేయొచ్చు. అయినా ఈ రివ్యూ అంతా ఒక పాత పుల్లీ చుట్టూనే తిరుగుతుంది, దానికి కారణం ఉంది. ఇత్తడి ముక్కని నున్నగా తిప్పి ఫొటో తీసి పెడితే ఏ చిన్న లేత్ అయినా గొప్పగానే కనిపిస్తుంది. బోరు (నడిమి రంధ్రం), ఏటవాలు, కీ గాడి (పుల్లీని షాఫ్టుతో కలిపి తిప్పే కీ కూర్చునే సందు), బీడు లోహం, ఈ నాలుగూ ఒకే ముక్కలో ఉన్న పని పెట్టినప్పుడే దాని సత్తా ఎంతో, ఎక్కడ చేతులెత్తేస్తుందో బయటపడుతుంది.

నేను ఐటీఐలో టర్నర్ ట్రేడ్ చదివి, ఆర్టీసీ వర్క్‌షాపులో రిటైరయ్యేదాకా లేత్ ముందే నిలబడ్డ మనిషిని. ఇప్పుడు తెనాలిలో ఇంటి వెనక రేకుల షెడ్డే నా వర్క్‌షాపు. ఒక వైసు, బెంచి గ్రైండరు, డ్రిల్లింగ్ మిషను, వాటి పక్కన ఈ చిన్న లేత్. కాబట్టి లేత్ అంటే ఏమిటో కొత్తగా నేర్చుకుంటున్న వాళ్ల ఉత్సాహం నా రాతలో ఉండదు. పెద్ద మిషన్ మీద అలవాటైన చెయ్యి చిన్నదాని మీద ఏం చూసిందో అదే రాస్తాను.

సరుకు సంగతి. బెడ్డు (కింద ఉండే పొడుగాటి పీఠం) మీద తిరగగల ముక్క వ్యాసం 180 మిల్లీమీటర్లు, పొడవు, అంటే రెండు సెంటర్ల మధ్య దూరం, 350. అమ్మేవాళ్లు దీన్నే సెవెన్ బై ఫోర్టీన్ అంటారు, అంగుళాల లెక్కలో. బరువు నలభై కిలోల పైచిలుకు, ఇద్దరు మనుషులు బెంచి మీదికి ఎత్తేయొచ్చు. సింగిల్ ఫేజ్ మీదే నడుస్తుంది. బ్రష్‌లెస్ మోటారు, వేగం మార్చడానికి గేర్ల లివర్ బదులు ఒక నాబ్. స్పిండిల్, అంటే పనిని తిప్పే ఇరుసు, దాని బోరు 20 మిల్లీమీటర్లు. స్పిండిల్‌కి మూడో నంబరు మోర్స్ టేపరు (టూలు బిగుసుకునే ప్రామాణిక ఏటవాలు రంధ్రం), అవతలి కొసన ఆసరా ఇచ్చే టెయిల్‌స్టాక్‌కి రెండో నంబరు. పనిని పట్టుకునే మూడు జాల (దవడల) చక్ దానితో పాటే వస్తుంది. చైనా డిజైను. ఇదే మిషను ఎరుపు రంగులో ఒకరు, ఆకుపచ్చలో ఒకరు, నీలంలో ఇంకొకరు అమ్ముతున్నారు, స్టిక్కర్లే తేడా. నా దాని మీద ఏ స్టిక్కరుందో రాయను, దానివల్ల మీకు ఒరిగేదీ లేదు. రవాణాతో కలిపి లక్షకి కాస్త లోపు పడింది.

ఆ డబ్బుకి రాజ్‌కోట్‌లోనో, బటాలాలోనో తయారైన పాత పెద్ద లేత్ వస్తుంది కదా అని మీలో సగం మంది అంటారు. వస్తుంది. నాలుగున్నర అడుగుల బెడ్డు, గట్టి బీడు, దాని మీద ఈ పుల్లీ పని చిటికెలో అయిపోతుంది. మీకు కింద నేల ఉండి, లారీ గుమ్మం దాకా వచ్చే దారి ఉండి, వందల కిలోల సరుకుని దింపే మనుషులుంటే ఇక్కడితో చదవడం ఆపేసి అదే కొనుక్కోండి. మా ఇంటి సందులోంచి సైకిల్ హ్యాండిలే అడ్డంగా పట్టదు. అందుకే నాకు చిన్నది తప్పలేదు.

పెట్టె విప్పితే లోపలున్నది లేత్ కాదు, లేత్‌గా తయారు చేసుకోవలసిన సరుకు. తుప్పు పట్టకుండా పూసిన ఎర్రటి గ్రీజు బెడ్డు నిండా మందంగా ఉంది. అది తుడిచి వెంటనే స్విచ్చి వేశారో, అందులో చిక్కుకున్న ఇనప రజను గైడ్ల మధ్య నలిగి వాటిని అరగదీస్తుంది. టూలుని బెడ్డు వెంట మోసే క్యారేజీ, అడ్డంగా జరిపే క్రాస్ స్లైడు, పైన వాలుగా తిప్పుకోగలిగే కాంపౌండ్ స్లైడు అన్నీ ఊడదీసి, కిరోసిన్‌తో కడిగి, గిబ్ స్క్రూలు మళ్లీ సర్ది బిగించుకోవాలి. గిబ్ అంటే స్లైడు పక్కన ఉండే సన్నటి పట్టీ. అది మరీ వదులైతే టూలు వణుకుతుంది, మరీ బిగిస్తే స్లైడు కదలదు. హ్యాండిల్ ఒక్క వేలితో తిరుగుతూ, స్లైడుని చేత్తో పైకి కిందికి ఊపితే మాత్రం కదలకుండా ఉండే స్థితి ఒకటుంటుంది. అది దొరికేదాకా ఓపిక పట్టాలి. క్యారేజీ కింద బెడ్డుని పట్టుకుని ఉండే పట్టీలు నా దానిలో మరీ వదులుగా ఉన్నాయి. సన్నటి ఇత్తడి రేకు షిమ్ములు కోసి సరిచేశాను. ఈ పని చేయకుండా మిషను బాగాలేదని రాసేవాళ్లని చూస్తుంటాను. వాళ్ల కోపంలో న్యాయం ఉంది, కొన్న వస్తువుని మనమే తయారు చేసుకోవడమేమిటి? కానీ ఈ ధరలో ఫ్యాక్టరీ ఆ పని మనకి వదిలేసిందని తెలిసి కొనుక్కుంటే తర్వాత గొడవ ఉండదు.

ఇక పుల్లీ. మా వియ్యంకుడు గారికి డీజిల్ అంబాసిడర్ ఉంది, రేపల్లెలో. ఆ కారు తయారీ 2014లోనే ఆగిపోయినా ఆయన దాన్ని వదలరు. "బావగారూ, బెల్టు కొత్తది వేయించినా అదే కూత. పొద్దున్నే స్టార్ట్ చేస్తే వీధంతా లేస్తోంది" అంటూ బండి తెచ్చారు. బానెట్ ఎత్తగానే ఆల్టర్నేటర్ చుట్టూ నల్లటి రబ్బరు పొడి. బెల్టు తీసి పుల్లీ గాడిలోకి టార్చి వేశాను. గాడి అడుగు తళతళ మెరుస్తోంది. రోగం అక్కడే తెలిసిపోయింది.

వీ బెల్టు పని చేసేది పక్కలతో. గాడి రెండు గోడల మధ్య అది ఇరుక్కుని, లాగినకొద్దీ మరింత బిగుసుకుని పుల్లీని తిప్పుతుంది. బెల్టు అడుగు గాడి అడుగుని తాకనే కూడదు. గోడలు అరిగి గాడి వెడల్పయితే బెల్టు కిందికి దిగి అడుగున కూర్చుంటుంది. ఇక పక్కల పట్టు పోయి చదును బెల్టు అయిపోతుంది, జారుతుంది, అరుస్తుంది. బాగున్న పుల్లీ గాడి అడుగు మురికిగా, రంగు పట్టి ఉండాలి. మెరిసిందంటే బెల్టు రుద్దుకుంటున్నట్టే. ఆ తర్వాత ఎన్ని కొత్త బెల్టులు వేసినా, ఎంత టైటు చేసినా కూత పోదు. పైగా టైటు ఎక్కువైతే ఆల్టర్నేటర్ బేరింగు పోతుంది, వాటర్ పంపు బేరింగూ పోతుంది.

గోడల అరుగుదల కంటితో తేలదు కాబట్టి రేకుతో ఒక గేజి కోసుకున్నాను. కోణమాని కూడా అక్కర్లేదు: 20 మిల్లీమీటర్ల ఎత్తుకి పైన వెడల్పు 13 వచ్చేలా త్రికోణం కత్తిరిస్తే కొస దగ్గర కోణం 36 డిగ్రీలు. ఇలాంటి కారు పుల్లీ గాడికి కావలసిన కోణం అదే. బెల్టు కోణం 40 దగ్గర ఉంటుంది కానీ చిన్న పుల్లీ మీద వంగినప్పుడు దాని పక్కలు ఉబ్బి కోణం తగ్గుతుంది, అందుకని గాడిని కొంచెం ఇరుకుగా కోస్తారు. గేజిని గాడిలో పెట్టి వెనక నుంచి లైటు వేస్తే గోడల మధ్యభాగంలో వెలుతురు కనిపించింది. గోడలు లోపలికి గుంటపడ్డాయన్నమాట.

ఇంతకంటే పెద్ద జబ్బు ఇంకొకటి ఉంది. పుల్లీని చేత్తో అటూ ఇటూ ఊపితే షాఫ్టు మీద టకటకమంది. ఇంతకు ముందు ఎవరో నట్టు సరిగా బిగించకుండా వదిలేశారు. దాంతో బోరు కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది, కీ గాడి ఒక పక్కకి నలిగిపోయింది. షాఫ్టు బాగానే ఉంది, ఎలక్ట్రీషియన్‌తో పని లేదు. పుల్లీ బోరులోనే బుష్ (గొట్టం లాంటి తొడుగు) వేసి, గాడి గీయాలి.

ఊడదీయడం గురించి ఒక్క ముక్క. బ్యాటరీ నెగెటివ్ వైరు ముందు తీయండి, ఆల్టర్నేటర్ వెనక ఉండే లావు వైరులో ఇంజిన్ ఆపినా కరెంటు ఉంటుంది. నట్టు విప్పడానికి ఫ్యాన్ రెక్కల మధ్య స్క్రూడ్రైవర్ దూర్చేవాళ్లని రోజూ చూస్తాం, రెక్క వంగితే ఇక జీవితాంతం ఊగుతూనే ఉంటుంది. పాత బెల్టుని పుల్లీ గాడిలో చుట్టి, రెండు కొసలూ కలిపి పుల్లీకి దగ్గరగా వైసులో బిగిస్తే అదే పట్టుకుంటుంది. ఇంపాక్ట్ గన్ అవసరమే పడదు.

లేత్ మీద మొదటి పని బోరింగు. ఇక్కడే మిషను మొదటి లోటు తగిలింది. దానితో వచ్చిన మూడు జాల చక్‌లో నేరుగా పట్టిన కడ్డీ డయల్ గేజి మీద 0.07 మిల్లీమీటర్ల ఊపు చూపించింది. ఈ ధరలో మూడు జాల చక్‌కి అది మరీ ఘోరమేం కాదు కానీ, కోడిగుడ్డయిన బోరుని పుల్లీ అంచుకి సరిగ్గా నడిమధ్యకి తేవాలంటే నాలుగు జాల చక్ కావాలి, ఒక్కొక్క జా విడిగా జరిగేది. అది విడిగా కొనాలి. ప్యాకేజీలో ఇచ్చిన ప్లాస్టిక్ చిప్ ట్రే, నాసిరకం టూలు బిట్లు తీసేసి ఆ డబ్బుకి నాలుగు జాల చక్ ఇచ్చి ఉంటే ఈ మిషనుకి ఇంకో అర నక్షత్రం ఇచ్చేవాణ్ని.

పుల్లీని అంచు మీద పట్టి, జాల కింద రాగి రేకు ముక్కలు వేసి, అరగని అంచు మీదే డయల్ ఆనించి నడిమధ్యకి తెచ్చాను. బోరింగ్ బారుతో ఒకసారికి పావు మిల్లీమీటరు లోతు చొప్పున పోనిచ్చాను. ఇక్కడ మిషనుకి వంక పెట్టడానికి ఏమీ లేదు. పుల్లీ బోరు పొడుగెంతని, బారు బయటికి ఎక్కువ రానక్కర్లేదు, వణుకు లేదు. క్రాస్ స్లైడు డయల్ మీద ఒక గీత 0.025, అంటే వ్యాసంలో 0.05 తేడా. చివరి కోతకి ఆ గీతలో సగం పట్టుకుని పని చేయాల్సి వచ్చింది. స్క్రూలో వెనకాట (దిశ మార్చినప్పుడు కాసేపు వదులుగా తిరగడం) ఉంది కాబట్టి ఎప్పుడూ ఒకే వైపు నుంచి తిప్పుతూ రావాలి. ఇది ఏ లేత్‌కైనా ఉన్నదే, దీనికి మరికాస్త ఎక్కువ.

బుష్ ఈఎన్8 ఉక్కు కడ్డీలోంచి తిప్పాను. పుల్లీ బోరు కంటే 0.02 నుంచి 0.03 మిల్లీమీటర్లు లావు ఉంచి, పట్టు జిగురు చుక్క వేసి, వైసు దవడల మధ్య పెట్టి నొక్కాను. ఆ తర్వాతే బుష్ లోపలి బోరుని షాఫ్టు కొలతకి తెచ్చాను, పుల్లీని మళ్లీ అంచు మీద నడిమధ్యకి పట్టి. ముందే బోరు వేసిన బుష్‌ని నొక్కితే లోపలికి ముడుచుకుంటుంది, ఆ కొలత ఇక కొలత కాదు.

కీ గాడి పనికి ఈ మిషను పనికిరాదనే చెప్పాలి, చేసినా సరే. మోటారు ప్లగ్గు పీకేసి, ఒక జా కింద చెక్కముక్క పెట్టి చక్ తిరక్కుండా ఆపి, షాఫ్టు కీ ఎంత వెడల్పో అంతకి రుద్దిన టూలు బిట్‌ని బోరింగ్ బారులో పక్కకి పెట్టి, క్యారేజీని చేత్తో ముందుకీ వెనక్కీ తోస్తూ స్లాటింగ్‌లాగా గీకడం. పెద్ద లేత్ మీద మేం ఎన్నోసార్లు చేసిన పనే. ఇక్కడ క్యారేజీ హ్యాండిల్ వెనకున్న చిన్న పళ్ల చక్రం మీద ఆ బరువంతా పడుతుంది. బుష్ ఉక్కుది కాబట్టి ఒక్కో తోపుకి 0.05 కంటే ఎక్కువ తీయలేదు, చివర్లో ఆకురాయితోనే ముగించాను. మీకు ఈ పని తరచూ ఉంటే కీ గాడి మాత్రం బయట స్లాటింగ్ మిషన్ మీద చేయించుకోండి.

ఇక అసలు ఘట్టం, గాడి గీయడం. ఆర్టీసీలో అయితే 36 డిగ్రీలకి రుద్దిన ఫారం టూలు పెట్టి, స్పీడు తగ్గించి, నేరుగా లోపలికి దింపేవాళ్లం. రెండు గోడలూ ఒకేసారి తయారు. హెచ్‌ఎంటీ లేత్ ఆ బరువుకి ఉలకదు. దీని మీద అలాంటి వెడల్పు టూలు దింపడం తాటాకు పందిట్లో ఏనుగుని కట్టడమే. టూలు తాకిన క్షణం నుంచి మిషనంతా గజగజలాడుతుంది, గోడ మీద అలలు పడతాయి. కాబట్టి సన్నటి టూలుతో, కాంపౌండ్ స్లైడుని వాలుగా తిప్పి, ఒక్కో గోడనీ విడివిడిగా గీయాలి.

అంతకు ముందు మాండ్రెల్, అంటే పుల్లీని ఎక్కించి తిప్పే కడ్డీ. ఒక మైల్డ్ స్టీల్ కడ్డీని చక్‌లో పట్టి, షాఫ్టు కొలతకి మెట్టు తిప్పి, కొసకి మర వేసి, అక్కడే దాని మీద పుల్లీ ఎక్కించి నట్టు బిగించాను. టెయిల్‌స్టాక్ నుంచి తిరిగే సెంటరు ఆసరా. కడ్డీని చక్‌లోంచి తీయనంత సేపూ చక్ ఊపు ఎంతున్నా లెక్కలోకి రాదు, ఆ మెట్టు తిరిగేది స్పిండిల్ అక్షం మీదే కదా. పుల్లీ అంచు మీద డయల్ పెడితే ముల్లు 0.02 లోపలే ఆడింది. ఖరీదైన చక్ లేకపోయినా ఖచ్చితమైన పని వచ్చే దారి ఇది, చిన్న లేత్ కొన్న ప్రతివాళ్లూ మొదట చేతికి తెచ్చుకోవలసిన పద్ధతి.

కాంపౌండ్‌ని చక్ ముఖం నుంచి 18 డిగ్రీలకి తిప్పాలి. దాని కింద చెక్కిన స్కేలుకి సున్నా బెడ్డు వెంట, కాబట్టి దాని మీద ఇది 72; స్కేలు అంతదాకా లేనే లేదు, ఉన్న గీతలు కూడా నమ్మేలా లేవు. పైగా దాన్ని బిగించే స్క్రూలు పైస్లైడు కింద దాక్కుని ఉంటాయి. కోణం మార్చాలన్నప్పుడల్లా స్లైడుని వెనక్కి లాగి, అలెన్ కీ దూర్చి, బిగించి, మళ్లీ చూసుకోవాలి, బిగించేటప్పుడు కాస్త జరుగుతుంది కూడా. ఎవరు గీశారో ఈ డిజైను, జీవితంలో ఒక్క టేపరైనా తిప్పి ఉండరు. స్కేలు సంగతి వదిలేసి, కోణమానిని నేరుగా చక్ ముఖానికి ఆనించి స్లైడు పక్కని దానికి సరిపెట్టాను. రెండో గోడకి మళ్లీ అదే తంతు, అటు వైపు.

స్పీడు లెక్క కూడా ఇక్కడ చెప్పాలి. పుల్లీ వ్యాసం 70 మిల్లీమీటర్ల దగ్గర. బీడుని హెచ్‌ఎస్‌ఎస్ (హైస్పీడ్ స్టీలు) టూలుతో నిమిషానికి 20 మీటర్ల వేగంలో కోయాలంటే చక్ నిమిషానికి 90 చుట్లు తిరగాలి. ఈ మిషను నాబ్‌ని అంత కిందికి తిప్పితే మోటారులో దమ్ము పోతుంది. గేర్ల లివరు ఉన్న పెద్ద లేత్‌లో స్పీడు తగ్గినకొద్దీ బలం పెరుగుతుంది, ఇక్కడ ఎలక్ట్రానిక్ బోర్డు స్పీడు తగ్గించినప్పుడు ఆ బలం రాదు. కోత కాస్త లోతయితే చక్ ఆగిపోయి బోర్డు ఎర్రలైటు వేస్తుంది. ఎక్కువ వేగం తట్టుకునే కార్బైడ్ టూలు పెట్టి స్పీడుని 270 దాకా తెచ్చాక, ఒక్కో కోతకి 0.1 చొప్పున హాయిగా నడిచింది. క్యారేజీని లాక్ చేయడం మర్చిపోకండి. ఆ లాక్ బోల్టుకి హ్యాండిల్ లేదు, స్పానరే గతి.

బీడు గీసేటప్పుడు నూనె, నీళ్లు ఏవీ వాడకూడదు, పొడిగానే కోయాలి. రజను మాత్రం నల్లటి పిండిలా రాలుతుంది, చేతికీ ముక్కుకీ మసి. ఆ పిండి బెడ్డు మీద పడి నూనెతో కలిస్తే అరగదీసే పేస్టే. బెడ్డు నిండా పాత పేపర్లు పరిచి, పని అయ్యాక వాటినలాగే చుట్టి తీసేశాను.

ఎంత గీయొచ్చు? ఇదీ లెక్కే. గోడ వాలు 18 డిగ్రీలు కాబట్టి రెండు గోడల నుంచీ 0.3 మిల్లీమీటర్ల చొప్పున తీస్తే బెల్టు దాదాపు ఒక మిల్లీమీటరు కిందికి దిగుతుంది. తీసింది ఇంత, దిగేది అంతకి మూడింతలు. కాబట్టి గోడల్లో గుంట పోయేదాకా మాత్రమే గీసి ఆపాలి, అందంగా ఉందని ఇంకో కోత వేయకూడదు. దిగిన బెల్టు మళ్లీ అడుగుని తాకకుండా గాడి అడుగుని కూడా లోతు చేయాలి. అడుగు లోతు చేసేముందు దాని కింద బోరు దాకా ఎంత మందం మిగులుతుందో కొలవండి. నా పుల్లీకి బాగానే మిగిలింది. మీ దానికి మిగలకపోతే పుల్లీ మార్చడమే. బెల్టు అంచు కంటే కొంచెం లోపలికి కూర్చుంటే నష్టం లేదు, అడుగు తగలకపోతే చాలు. ఆల్టర్నేటర్ మునుపటి కంటే సుమారు మూడు శాతం ఎక్కువ తిరుగుతుంది, అది దానికి లెక్కలోకే రాదు.

గేజి పెట్టి వెనక లైటు వేశాను, ఈసారి గోడ పొడవునా వెలుతురు సందు లేదు. గోడలు ఆర్టీసీలో చేసినంత నున్నగా రాలేదు, గోరు పెడితే సన్నటి గీతలు తగులుతాయి. నూరు కాగితం ముక్కతో ఒక్కసారి తాకించి వదిలేశాను.

బిగించేటప్పుడు స్ప్రింగ్ వాషరు కొత్తది వేశాను. బెల్టు బిగువు బొటనవేలితో మధ్యలో నొక్కితే సుమారు పది మిల్లీమీటర్లు లోపలికి పోయేంత. స్టార్ట్ చేసి, హెడ్‌లైట్లు వేసి, యాక్సిలరేటరు కాస్త పట్టి బ్యాటరీ మీద మీటరు పెడితే 14.1 వోల్టులు. కూత లేదు. వియ్యంకుడు గారు బానెట్ మీదికి వంగి కాసేపు చెవి పెట్టి, "ఇప్పుడు ఇంజిన్ చప్పుడు కూడా వినిపిస్తోందే బావగారూ" అన్నారు. అది మెచ్చుకోలో, కొత్త ఫిర్యాదో ఇప్పటికీ తెలియదు.

కొనాలనుకునే వాళ్లకి డబ్బు సంగతి. మిషను ధర దగ్గర ఆగకండి. నాలుగు జాల చక్, తిరిగే సెంటరు, డయల్ గేజి దాని మాగ్నెట్ స్టాండుతో, మంచి కార్బైడ్ టూలు హోల్డరు, వెర్నియరు, మైక్రోమీటరు, ఇవన్నీ కలిపితే మిషను ధరలో మూడో వంతు పైన అదనం. ఇవి లేకుండా పుల్లీ లాంటి పని కాదు. టెయిల్‌స్టాక్‌ని బిగించడానికి కూడా నా దానికి స్పానరే, లివరు నేనే తర్వాత తయారు చేసుకున్నాను. వేసవిలో మా వైపు మధ్యాహ్నం వోల్టేజి పడిపోతుంది, అలాంటప్పుడు స్పీడు బోర్డు చిరాకు పెడుతుంది. స్టెబిలైజరు పెట్టుకోవడం మంచిది, లేదంటే పని పొద్దున పూట పెట్టుకోండి.

నక్షత్రాలు ఐదుకి మూడున్నర. బోరింగు, చిన్న బుష్‌లు, పిన్నులు, స్పేసర్లు లాంటి పనులకి నాలుగిచ్చినా తప్పులేదు. వాలు కోతకి మూడు. కీ గాడికి ఒకటి. చేతి సరదాకి, మోపెడ్ల పనికి, ఇంట్లో పంపు సెట్టు బుష్‌లకి వాడేవాళ్లు ధైర్యంగా కొనుక్కోవచ్చు. దీంతో షాపు పెట్టి సంపాదిద్దామనుకునే కుర్రాళ్లు మాత్రం వద్దు. గంటకి వచ్చే పని చూసుకుంటే అప్పు కూడా తీరదు.

ఇంకో మాట, ఈ రివ్యూ చదివి కొత్త కార్ల పుల్లీలు పట్టుకుని మా షెడ్డుకి రాకండి. ఇప్పటి బండ్లకి ఆరు గాళ్ల పాలీ వీ బెల్టు, దాని గాళ్ల మధ్య దూరం 3.56 మిల్లీమీటర్లు, ఒక్కోటి గీస్తే ఆరూ ఒకేలా రావడం ఈ మిషను వల్ల కాదు, చేసినా ప్రయోజనం లేదు, కొత్తది వేయించుకోండి. రేకు నొక్కి చేసిన పుల్లీలు కూడా అంతే, గీయడానికి వాటిలో మందమే ఉండదు. కొన్ని డీజిల్ కార్లకి ఒక వైపే పట్టి రెండో వైపు వదిలే ఫ్రీ వీల్ పుల్లీ ఉంటుంది. అది రెండు వైపులా పట్టేసినా, రెండు వైపులా వదులుగా తిరిగినా లోపలి క్లచ్ పోయినట్టే, దానికి లేత్‌తో పనే లేదు, విప్పడానికే ప్రత్యేకమైన సాకెట్ కావాలి.

స్పేర్ల విషయంలో భయపడినంత లేదు. లోపలి ప్లాస్టిక్ గేర్లు విరిగితే విడిగా దొరుకుతున్నాయి, ఏ రంగు మిషనువైనా ఒకటే కొలత. నేను ఒక సెట్టు ముందే తెప్పించి పెట్టుకున్నాను. స్పీడు బోర్డు మాత్రం ఒక్కో అమ్మకందారుది ఒక్కో రకం, అది పోతే ఎవరి దగ్గర కొన్నారో వాళ్ల కాళ్లే పట్టుకోవాలి. కొనేముందు ఫోన్ చేసి బోర్డు విడిగా స్టాకులో ఉందా, ధరెంత అని అడగండి. సూటిగా జవాబు చెప్పని వాళ్ల దగ్గర కొనకండి.